నీలం కారు పెట్టె మీద బొట్టు

పోయిన ఆదివారం ఇక్కడ కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో మా ఇంటికి దగ్గర్లో పాత బొమ్మల సంత పెడితే వెళ్ళాను. ఒక బల్ల మీద రేకు బస్సు కనబడింది. ఎర్రది, యూరప్‌లో చేసింది, చక్రాలకి అసలు రబ్బరు ఇంకా అలాగే ఉంది. చెయ్యి చాచానో లేదో, బల్ల వెనకున్న పెద్దాయన తెల్లటి నూలు గ్లవ్స్ జత నా ముందుకు తోశాడు. తొడుక్కున్నాను. వేళ్ళు లోపలికి దూరగానే ఆగిపోయాను. బస్సుని ఎత్తి కూడా చూడకుండా గ్లవ్స్ విప్పి పెట్టేసి వచ్చేశాను.

మా ఇంట్లో ఇప్పుడు రెండు అద్దాల బీరువాల నిండా ఇవే. రేకు కార్లు, వేలెడేసి లారీలు, అట్టపెట్టెల్లో పాత కార్డుల ఆటలు. "పిల్లలు ముట్టుకోకూడని బొమ్మలు ఎందుకు చెప్పు?" అని మా ఆయన దెప్పుతుంటాడు. నాకీ పిచ్చి ఎక్కడ పట్టుకుందో అతనికి సగమే చెప్పాను. మిగతా సగం చెప్పడానికి ఇన్నేళ్ళూ నోరు రాలేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. న్యూజెర్సీలో పార్సిప్పనీ అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉండేవాళ్ళం. కింద ఒక ఇల్లు, దాని పైన మాది. నాన్న కన్సల్టెంట్, ప్రాజెక్టేమో వేరే రాష్ట్రంలో. సోమవారం పొద్దున్నే కారేసుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోయి, గురువారం సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. ఆ నాలుగు రోజులూ కారు ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో ఉండేది, అమ్మా నేనూ ఇంట్లో ఉండేవాళ్ళం. అమ్మది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చెయ్యకూడదు. డ్రైవింగ్ రాదు. పాల కోసం నడిచి వెళ్దామన్నా కొట్లున్న రోడ్డు పక్కన మనిషి నడవడానికి జాగా లేదు. ఆ పైన మంచు.

కాకినాడలో అమ్మ స్కూల్లో లెక్కలు చెప్పేది. బజారుకెళ్తే పది మంది ఆపి పలకరించాల్సిందే. అలాంటి మనిషి ఇక్కడ రోజుకి రెండుసార్లు మెట్లు దిగి మెయిల్‌బాక్స్ తెరిచి చూసి వచ్చేది. ఉత్తరాలు ఒక్కసారే వస్తాయని ఆమెకి తెలుసు. బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని ఆఫీసు వాళ్ళు కాగితం అంటించి వెళ్ళాక, బాల్కనీలో నిలబడటం కూడా మానేసింది.

నన్నూ కదలనిచ్చేది కాదు. స్కూల్ బస్సు దిగిన దగ్గర్నుంచి మర్నాడు బస్సెక్కేదాకా ఇంట్లోనే. "నీకేమన్నా అయితే నేనెవరికి ఫోన్ చెయ్యాలే? ఇంగ్లీషులో ఏమని చెప్పాలి?" అనేది. నేను ఫ్రిజ్ తలుపు సందులోంచి లోపల లైటు ఎప్పుడు ఆరిపోతుందో కనిపెట్టాలని గంటలు గంటలు చూస్తూ కూర్చునేదాన్ని. అమ్మ తిట్టేది, నేను ఏడ్చేదాన్ని, కాసేపటికి ఇద్దరం ఒకే దుప్పట్లో దూరి కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూసేవాళ్ళం. చూడటానికి అక్కడా ఏమీ లేదు.

ఒక మధ్యాహ్నం అమ్మ ఊరమిరపకాయలు వేయించింది. స్కూలుకి సెలవు, నేను ఇంట్లోనే ఉన్నాను. ఘాటుకి ఇద్దరం దగ్గుతుండగానే ఫైర్ అలారం మోగింది. మా ఇంట్లోదే కాదు, బిల్డింగంతా మోగింది. అందరూ మంచులోకి పరిగెత్తారు. అమ్మ నాన్న కోటు తొడుక్కుని, గరిటె చేత్తో పట్టుకునే వచ్చేసింది. ఫైరింజన్ వచ్చి, హెల్మెట్లు పెట్టుకున్న నలుగురు మా వంటింట్లోకి వెళ్ళి మూకుడు చూసి దిగొచ్చారు. అమ్మ తల ఎత్తలేదు.

ఆ గుంపులో కింది ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలాయన కూడా ఉన్నాడు. కాళ్ళకి ఇంటి చెప్పులు, ఒంటి మీద కోటు లేదు. చలికి పెదాలు నీలంగా అయిపోయాయి. చేతుల్లో మాత్రం పెద్ద అట్టపెట్టె, చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "ఏముందో అడగవే" అంది అమ్మ. అడిగాను. "కార్లు" అన్నాడాయన.

మర్నాడు క్షమాపణ కింద అమ్మ పులిహోర కలిపి, నన్ను తోడు తీసుకుని కిందికి వెళ్ళింది. ఆయనది యూరప్‌లో ఏదో చిన్న దేశం. ఆ దేశానికి ఇప్పుడు పేరు కూడా మారిపోయిందనేవాడు. నేను ఆయన్ని స్కూల్లో నేర్పినట్టు ఇంటిపేరుతో పిలిచేదాన్ని, అమ్మ సార్ అనేది, మాలో మేము అనుకునేటప్పుడు కింది తాతగారు. ఆయన ఇల్లు మెషీన్ నూనె, పాత అట్ట, కాఫీ కలిసిన వాసన వేసేది. గోడ పొడుగునా అద్దాల బీరువాలు, వాటినిండా కార్లు, బస్సులు, ట్రాములు, పాలబండ్లు. ఒక్కోదాని వెనక దాని అట్టపెట్టె. చిన్నప్పుడు బొమ్మల కొట్టు అద్దానికి ముక్కు ఆనించి చూడటమే తప్ప ఒక్కటీ కొనుక్కోలేదట. ఇక్కడికొచ్చాక, పెళ్ళాం ఉన్నన్నాళ్ళూ ఆమెతో, పోయాక ఒక్కడే, ఊళ్ళన్నీ తిరిగి పోగేశాడు.

రూల్ ఒక్కటే. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. పెట్టెనైతే ఎవరూ ముట్టుకోకూడదు. "బొమ్మలు చాలా ఉంటాయి, వాటి పెట్టెల్ని పిల్లలు చింపేస్తారు. మిగిలిన పెట్టె అందుకే అపురూపం" అనేవాడు.

"పాపం, ఈ కార్లు ఒక్కసారన్నా రోడ్డెక్కలేదన్నమాట" అంది అమ్మ తెలుగులో. ఏమందని ఆయన అడిగితే, చాలా బాగున్నాయంది అని చెప్పాను.

అలా మొదలై, వారానికి మూడు నాలుగు సాయంత్రాలు నాలుగింటికి మేం కిందికి దిగడం అలవాటైంది. ఆయన దాల్చినచెక్క బిస్కెట్లు పెట్టేవాడు. "గుడ్డుందేమో అడుగు" అని అమ్మ మొదటి రోజు గుసగుసలాడింది, మూడో రోజుకి అడగడం మానేసింది. కార్డులు మాత్రం వట్టి చేతులతో పట్టుకోనిచ్చేవాడు. ముప్పై రెండు కార్డులు, ఒక్కో జాతి బండివి నాలుగేసి బొమ్మలు. పక్కవాళ్ళ చేతిలో ఉందనుకున్న కార్డుని అడిగి తీసుకుని నాలుగూ జత చెయ్యాలి. ముగ్గురన్నా ఉంటేగానీ ఆట రక్తికట్టదు. అడిగేటప్పుడు ప్లీజ్ అనాలి, అనకపోతే వంతు పోతుంది. అమ్మ ఎప్పుడూ మర్చిపోయేది.

"గౌరవంగానే అడిగాను కదా సార్!" అని తెలుగులోనే వాదించేది. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, "నో ప్లీజ్, నో పోస్ట్ వ్యాన్" అని కార్డు గుండెలకి హత్తుకునేవాడు. అమ్మ పగలబడి నవ్వేది. ఆ ఇంట్లో తప్ప ఆ చలికాలమంతా అమ్మ నవ్వడం నేనెక్కడా చూడలేదు. అమ్మ తనంతట తాను దిగి వెళ్ళి తట్టగలిగిన తలుపు అమెరికా మొత్తం మీద అదొక్కటే. అది నాకు ఆ వయసులోనే తెలుసు. తెలిసే చేశాను.

జనవరిలో అమ్మకి బొమ్మల కొలువు పెట్టాలనిపించింది. తెచ్చుకున్న నాలుగు సూట్‌కేసుల్లో బొమ్మలు ఎక్కడ పడతాయి? నా ప్లాస్టిక్ బొమ్మలు రెండు, గణపతి విగ్రహం, లక్కపిడతలు, అంతే. ఎవరో పారేసిన డైపర్ల అట్టపెట్టెలు తెచ్చి మెట్లు కట్టి, తెల్ల దుప్పటి పరిచింది. పై రెండు మెట్లకే సరిపోయాయి, కింద మూడూ బోసిగా ఉన్నాయి. కార్డులాడుతూ ఈ సంగతి నేను తాతగారికి చెప్పాను. మెట్ల మీద బొమ్మలు పేరుస్తారనీ, ఊళ్ళో వాళ్ళని పిలిచి చూపిస్తారనీ, ఎవరూ ఆడుకోకూడదనీ చెప్పాను.

ఆయన చేతిలో కార్డులు బల్ల మీద పెట్టేశాడు. "ముట్టుకోకుండా చూస్తారా? ప్రతి ఏడూనా?" అని రెండుసార్లు అడిగాడు. తన జీవితమంతా ఒంటరిగా చేస్తున్న పనిని ఎక్కడో ఒక దేశంలో పండగలా చేసుకుంటారని వినేసరికి ఆయన మొహం వెలిగిపోయింది. మర్నాడు తనే ఐదు బొమ్మలు పట్టుకుని పైకొచ్చాడు. గ్లవ్స్ తొడుక్కుని, మోకాళ్ళు నొప్పెడుతున్నా కూర్చుని, మెట్ల మీద ఒక్కోటీ తనే పెట్టాడు. వాటి వెనక పెట్టెలు. అందులో నీలం కారుంది. తాళం తిప్పితే నడుస్తుంది, తలుపులు తెరుచుకుంటాయి, లోపల డ్రైవర్ కూడా ఉన్నాడు. ఆయన దగ్గరున్నవాటిలో నాకు ప్రాణమైంది అదే.

పేరంటానికి కాంప్లెక్స్‌లో వేరే బిల్డింగుల్లో ఉండి ఉద్యోగాలకి వెళ్ళే తెలుగువాళ్ళు ముగ్గురొచ్చారు. "కొలువులో ఫైరింజనేంటండీ?" అని ఒక ఆంటీ నవ్వింది.

"మన పల్లె బొమ్మలు పెట్టుకుంటాం కదండీ, మరి ఆయన ఊరి బొమ్మలూ ఉండొద్దూ?" అంది అమ్మ. పట్టుచీర కట్టుకుంది, మొహం కళకళలాడుతోంది. హారతిచ్చి, శనగలు, పండు, తాంబూలం ఇచ్చింది. తాతగారు సోఫా అంచున కూర్చుని శనగలు చెంచాతో ఒక్కొక్కటే తిన్నాడు. మర్నాడు వచ్చి బొమ్మలు తీసుకెళ్తానన్నాడు.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మా ఇంట్లో కొత్త వస్తువేదొచ్చినా అమ్మ దానికి పసుపు అద్ది కుంకుమ పెట్టేది. ప్రెషర్ కుక్కరుకి, నాన్న లాప్‌టాప్ సంచికి, వాక్యూమ్ క్లీనరుకి కూడా పెట్టింది. "బొట్టు పెడితే మనింటిదైపోయినట్టే" అనేది. నేనది నమ్మాను. మనింటిదైపోయిన దాన్ని ఎవరు మాత్రం ఎలా తీసుకెళ్తారు? పేరంటాళ్ళని సాగనంపడానికి అమ్మ మెట్ల దాకా వెళ్ళినప్పుడు, పళ్ళెంలో మిగిలిన తడి పసుపులో వేలు ముంచి నీలం కారు పెట్టె మీద గట్టిగా అద్దాను. మధ్యలో కుంకుమ పెట్టాను. కారుకే పెట్టొచ్చు, తుడిస్తే పోయేది. పెట్టెకైతే పోదని నాకు తెలుసు, అందుకే పెట్టెకి పెట్టాను.

పెట్టిన క్షణంలోనే భయమేసింది. లంగా అంచుతో తుడిచాను. పసుపు అట్టలోకి ఇంకి, రూపాయి బిళ్ళంత అయింది. అమ్మ అడుగుల చప్పుడు వినబడి పెట్టెని గోడవైపు తిప్పేశాను.

మర్నాడు పొద్దున అమ్మ సర్దుతూ చూసింది. "ఎవరు పెట్టారే ఇది?"

"ఎవరో ఆంటీ పెట్టినట్టుంది" అన్నాను.

అమ్మ నా వంక చూసింది. నాన్నకి ఫోన్ చేస్తే ఆయన కంగారుపడిపోయాడు. "నువ్వేం మాట్లాడకు. అలాగే పెట్టేసి ఇచ్చెయ్. ఇక్కడివాళ్ళు దేనికైనా సూ చేసి కోర్టుకి లాగుతారు. అసలే మన గ్రీన్‌కార్డు పేపర్లు ప్రాసెస్‌లో ఉన్నాయి" అన్నాడు. స్పీకర్‌లో వింటూ నేను కిటికీలోంచి పార్కింగ్ లాట్ వైపు చూశాను. పోలీసులొస్తారనుకున్నాను.

"ఆయనంతట ఆయన వచ్చి చూసుకుంటే ఇంకా అసహ్యంగా ఉంటుందండీ. నేనే వెళ్ళి చెప్తాను" అంది అమ్మ.

"ఆ ఆంటీ పెట్టిందని చెప్దాం" అన్నాను నేను.

"నా ఇంట్లో జరిగింది. నేను పెట్టాననే చెప్తాను" అంది. ఇంగ్లీషులో ఏమనాలో నన్నడిగి, రెండు మూడుసార్లు లోలోపల అనుకుంది.

ఐదు బొమ్మలూ, వాటి పెట్టెలూ పళ్ళెంలో పెట్టుకుని దిగాం. తలుపు తీయగానే, "సార్, ఐ మేడ్ ఎ మిస్టేక్. ఐ పుట్ అవర్ గాడ్స్ మార్క్. ఐ యామ్ వెరీ సారీ" అంది అమ్మ గుక్కతిప్పుకోకుండా.

ఆయన పెట్టెని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. గ్లవ్స్ వేలితో మరక అంచు తడిమాడు. అరిస్తే బాగుండుననిపించింది. అరవలేదు. ఒక్కో బొమ్మనీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. నీలం కారునీ దాని పెట్టెనీ మాత్రం విడిగా బల్ల మీద ఉంచాడు. తర్వాత అమ్మవైపు చూడకుండా, నాతో మెల్లిగా మాట్లాడాడు.

"మీ అమ్మగారికి పనులుంటాయి, ఆమె ఇక రానక్కర్లేదని చెప్పు. నువ్వు రావచ్చు. నువ్వు జాగ్రత్తగా ఉంటావు."

అది అమ్మకి తెలుగులో చెప్పాల్సింది నేనే. నేను నోరు తెరిచేలోపే, "అర్థమైందిలే" అంది అమ్మ. ఆయనకి థాంక్యూ చెప్పి, ఖాళీ పళ్ళెంతో మెట్లెక్కింది.

అప్పుడైనా చెప్పొచ్చు. ఆయన ఎదురుగానే ఉన్నాడు, అమ్మ మెట్ల మీదే ఉంది. నేను పెట్టానంటే నాకూ ఆ తలుపు మూసుకుపోతుందని భయమేసింది. రెండు రోజులాగి మూడో రోజు సాయంత్రం, "వెళ్ళనా?" అని అడిగాను. "వెళ్ళు. ప్లీజ్ అనడం మర్చిపోకు" అంది అమ్మ.

వెళ్ళాను. ఆ రోజే కాదు, మంచు కరిగేదాకా వెళ్తూనే ఉన్నాను. ఆయన అలవాటుగా మూడు చోట్ల కార్డులు పంచేవాడు. మూడో వాటా బోర్లించే ఉండేది. ఇద్దరే ఉంటే ఎవరి దగ్గర ఏముందో ఇట్టే తెలిసిపోయి ఆట చప్పగా ఉండేది. అది కప్పిపుచ్చడానికేమో, ఆయన ఒక్కో దేశపు ఫైరింజను ఎలా అరుస్తుందో నోటితో చేసి చూపించేవాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. సిగ్గులేకుండా నవ్వేదాన్ని. పైకి వెళ్ళేసరికి అమ్మ కిటికీ దగ్గరో, వంటింట్లో నేల మీదో కూర్చుని ఉండేది. "ఏం ఆడారు? ఎవరు గెలిచారు?" అని అడిగేది. నేను పొడిపొడిగా చెప్పి హోంవర్క్ తీసేదాన్ని. మెయిల్‌బాక్స్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆయన తలుపు ముందు అడుగులు చప్పుడు కాకుండా వేసేది అమ్మ. అది చూసీ చెప్పలేదు.

ఏప్రిల్‌లో నాన్నకి ప్రాజెక్ట్ మారింది. జెర్సీ సిటీలో ఇల్లు దొరికింది. వెళ్ళే రోజు తాతగారు నన్ను పిలిచి, ఒక కాగితం సంచి చేతిలో పెట్టాడు. లోపల నీలం కారు, దాని పెట్టె. "ఇది ఇక నా కలెక్షన్‌లో ఉండదు. ఇంతమందిలో జాగ్రత్తగా చూసుకునేది నువ్వొక్కదానివే" అన్నాడు. అమ్మ ట్రక్కులో సామాన్లు సర్దిస్తూ దూరం నుంచే ఆయనకి నమస్కారం పెట్టింది. ఆయన తల ఊపాడు. ఆయన్ని మళ్ళీ చూడలేదు.

ఆ కారుతో నేనెప్పుడూ ఆడలేదు. తర్వాత కొన్నవన్నీ దాని పక్కన పేర్చినవే.

ఆదివారం సంతలోంచి తిన్నగా అమ్మావాళ్ళింటికి వెళ్ళాను. రెండు సిగ్నళ్ళ అవతలే ఉంటారు. అమ్మ టేబుల్ దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా చెప్పేశాను.

"అమ్మా, పార్సిప్పనీలో ఆ పెట్టెకి బొట్టు పెట్టింది నేను."

"తెలుసులేవే" అంది, చిక్కుడుకాయ మీంచి చూపు తిప్పకుండా.

"ఎప్పట్నించి?"

"పెట్టె గోడవైపు తిప్పి ఉంది కదా. పేరంటానికొచ్చినవాళ్ళు బొట్టు పెట్టి దాచిపెడతారా ఎక్కడైనా?"

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. "మరి నీ మీద ఎందుకు వేసుకున్నావు? తెలిసీ నన్నెందుకు వెళ్ళనిచ్చావు? మూడు నెలలు నువ్వొక్కదానివే పైన కూర్చున్నావు కదమ్మా!"

"తప్పు చేసినవాళ్ళని ఆయన రానివ్వడని తెలుస్తూనే ఉంది. నువ్వని చెప్తే నిన్ను రానివ్వడు." చిక్కుడుకాయ విరిచి గిన్నెలో వేసింది. "ఇంట్లో కూర్చోడం నాకెలాగూ అలవాటైపోయింది. నీకు అలవాటవకూడదనుకున్నా."

కళ్ళు తుడుచుకుంటుంటే నా ముందుకు సగం చిక్కుడుకాయలు తోసి, తనే అందుకుంది.

"నేనేం ఒక్కదాన్నీ లేనులే. వంటింట్లో కింద హీటర్ గాలొచ్చే జాలీ ఉండేది, గుర్తుందా? దాని పక్కన కూర్చుంటే మీరు మాట్లాడుకునేదంతా వినబడేది. ఆయన ఫైరింజన్లా అరిచేవాడు, నువ్వు నవ్వేదానివి. అందుకే నువ్వు కిందున్నంతసేపూ పొయ్యి వెలిగించేదాన్ని కాదు. వెలిగిస్తే అలారం భయానికి పైన పొగ ఫ్యాన్ వెయ్యాలి, అది వేస్తే నీ నవ్వు వినబడదని."

ఆ చలికాలంలో పైకొచ్చిన ప్రతి సాయంత్రం, ఆకలేస్తోంది, ఇంకా వంట కాలేదా అని అమ్మ మీద విసుక్కునేదాన్ని.